జిన్నింగు మిల్లు గోడ పక్క దారి

మా బాపుకు సిద్దిపేట బజారులో గిన్నెల దుకాణం ఉండేది. ఇత్తడి బిందెలు, స్టీలు టిఫిను డబ్బాలు, పెళ్లిళ్లకు కిరాయికిచ్చే పెద్ద పెద్ద గుండిగలు. ఆడపిల్లల బడి నుంచి మా ఇంటికి పోయే దారిలోనే ఆ దుకాణం. సాయంత్రం బడి వదిలాక నేను అక్కడ ఆగి, గల్లా పక్కన స్టూలు మీద కూర్చుని, బాపు తెప్పించిన మిర్చి బజ్జీ తిని, తర్వాత ఇంటికి పోయేదాన్ని. మా దుకాణం దాటితే బట్టల షాపు, దాని పక్కన మందుల షాపు, మూల మీద గాజులమ్మే ఆమె. అందరికీ నేనెవరి బిడ్డనో తెలుసు. ఒక కొట్టు వాళ్ల చూపు దాటేలోపు ఇంకో కొట్టు వాళ్ల చూపులో పడేదాన్ని. ఎక్కడైనా ఆగి కబుర్లాడుతుంటే, "ఏందమ్మా, మీ అమ్మ ఎదురుచూడదా? జల్ది పో" అని ఎవరో ఒకరు తరిమేవాళ్లు. అప్పుడది నాకు విసుగ్గా ఉండేది.

ఎనభైల మొదట్లో, నేను ఎనిమిదో తరగతిలో ఉండగా, నా పక్కన కూర్చునే స్నేహితురాలు ఒక రోజు బడికి రాలేదు. మర్నాడూ రాలేదు. జ్వరమేమో అనుకున్నాను. వారం గడిచింది. లెక్కల్లో మా ఇద్దరికీ ఎప్పుడూ పోటీ. తను లేకపోతే లెక్కల క్లాసు చప్పగా ఉండేది. అమ్మను బతిమాలి ఒక ఆదివారం వాళ్లింటికి తీసుకుపొమ్మన్నాను.

వాళ్లిల్లు పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లుకు వెనక, నేతపని వాళ్ల వాడలో. వాళ్ల నాయిన మగ్గం గుంటలో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి, మంచం వాల్చి, కూర్చోమన్నాడు. నా స్నేహితురాలు లోపల గడప దగ్గర కండెలకు నూలు చుడుతోంది. నా వైపు చూసి నవ్వింది కాని లేచి రాలేదు.

"పొల్ల బడికి వస్తలేదని మా బిడ్డ ఒకటే పరేషానైతున్నది" అంది అమ్మ.

"మాన్పించిన అక్కా."

"అయ్యో, ఎందుకు? మంచిగ చదువుతుండె గదా."

"చదువు మంచిదే. తొవ్వ మంచిది గాదు." ఆయన మిల్లు వైపు చెయ్యి చూపించాడు. "గంత పొడుగు గోడ. గీ కొసకు లారీలు, గా కొసకు కల్లు కాంపౌండు. నడుమ పిట్ట గూడ ఉండది."

"ఏమన్న అయ్యిందా తమ్మీ?"

"ఏం గాలే. అయ్యేదాక ఉండాల్నా?"

అమ్మ కొంగు సర్దుకుని లేచింది.

తిరిగొస్తూ ఆ గోడ పక్కనుంచే నడిచాం. మనిషి కన్నా ఎత్తు గోడ. ఒక్క కిటికీ లేదు, ఒక్క తలుపు లేదు. రెండో పక్క మురికి కాలువ, దాని అంచున సర్కారు తుమ్మ చెట్లు. అమ్మ నా మణికట్టు పట్టుకుంది. గోడ మొదలైన దగ్గర్నుంచి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉంది. రాత్రికి ఏం వండాలి, చింతపండు తెచ్చారా లేదా, మా మేనత్త ఎప్పుడొస్తుంది అని. గోడ అయిపోయి బజారు మొదలవ్వగానే మాటలు ఆపేసి నా చెయ్యి వదిలింది. తనకు తెలియకుండానే అలా చేసిందనుకుంటాను.

ఆ తర్వాత నేను ఆ సంగతి మర్చిపోయాను. పదో తరగతి, ఇంటరు, పరీక్షలు. నాకు బొమ్మలు వేయడం వచ్చు, లెక్కలు వచ్చు. ఆ రెండూ కలిసిన చదువు ఏదని అడిగితే ఇంటర్లో ఒక లెక్చరరు ఆర్కిటెక్చరు అని చెప్పారు. ప్రవేశ పరీక్ష రాస్తే హైదరాబాదులో సీటు వచ్చింది. బాపుకు ఆ మాట నోరు తిరగలేదు.

"అంటే ఇండ్లకు నక్ష గీసుడా?"

"గంతే బాపూ."

"నక్ష మేస్త్రీ గీస్తడు గదా. సుద్దముక్కతోని నేల మీద గీస్తడు. దానికి అయిదేండ్ల చదువెందుకు?"

"పెద్ద బిల్డింగులకు గట్ల గీస్తే అయితదా?"

ఆయన "సరే, పెద్ద బిల్డింగులే కట్టు. చిన్నయి మేస్త్రీలకు ఇడిసిపెట్టు" అన్నాడు. అంతే, అనుమతి దొరికినట్టే. బస్టాండు దాకా వచ్చి, కిటికీ పక్క సీటు దొరికేవరకు నిలబడి, ప్రజ్ఞాపూర్‌లో బస్సాగితే దిగొద్దని, దిగితే బస్సు కదిలిపోతుందని నాలుగైదు సార్లు చెప్పి పంపించాడు.

కాలేజీలో మొదటి రెండేళ్లు నాకు ఏమీ అర్థం కాలేదు. అందరూ ఎక్కడెక్కడి దేశాల కట్టడాల గురించో మాట్లాడేవాళ్లు. నేను నీట్‌గా గీతలు గీసేదాన్ని, మార్కులు వచ్చేవి, కాని ఆ గీతల మీద నాకు ప్రేమ ఉండేది కాదు. మూడో ఏడు కొత్తగా ఒక సారు వచ్చారు. పొట్టి మనిషి, చెప్పులు ఈడ్చుకుంటూ నడిచేవారు. మొదటి క్లాసులో బల్ల మీద కూర్చుని, "మీకు బాగా తెలిసిన తొవ్వ ఒకటి గీయండ్రి. ఇండ్లు గీయొద్దు. ఇండ్ల నడుమ ఏమున్నదో గదే గీయాలె" అన్నారు.

నేను బడి నుంచి బాపు దుకాణం మీదుగా ఇంటిదాకా గీశాను. బట్టల షాపు ముందు పరదా, మందుల షాపు మెట్లు, గాజులామె బండి, ఎండ ఏ వేళకు ఎటు పడుతుందో అన్నీ పెట్టాను. గీస్తుంటే చెయ్యి దానంతటదే పోయింది. అంతకుముందు ఏ డ్రాయింగూ నాకు అలా రాలేదు. సారు వచ్చి చాలాసేపు చూసి, కాగితంలో ఖాళీగా వదిలేసిన పక్కన వేలు పెట్టారు.

"గీడ ఏమున్నది?"

"గోడ సార్. జిన్నింగు మిల్లు గోడ."

"గోడ అవతల?"

"మిల్లు."

"ఇవతల?"

మెల్లగా నా స్నేహితురాలి సంగతి చెప్పాను. చెబుతుంటే తరగతిలో మిగతావాళ్లు కూడా పెన్సిళ్లు ఆపి విన్నారు. సారు అయ్యో అనలేదు, భేష్ అనలేదు. "గది గూడ గీయి" అన్నారు. ఆ వారమంతా అదే గీశాను. నా దారీ తన దారీ పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ దాదాపు ఒకే పొడవు. నా దారి పొడుగునా తలుపులు, మెట్లు, మనుషులు. తన దారిలో ఒకే ఒక్క గీత, గోడ.

సారు ఆ రెండు కాగితాలు గోడకు అంటించి, "బిల్డింగులు కట్టేటోళ్లు మస్తుమంది ఉన్నరు. బిల్డింగుల నడుమ మనుషులు ఎట్ల తిరుగుతరో చూసేటోళ్లు తక్కువ. దీన్నే అర్బన్ డిజైన్ అంటరు" అన్నారు. ఆ మాట నేను వినడం అదే మొదలు. మెస్సులో అన్నం తింటూ ఆ మాటను లోపల్లోపల పలికి చూసుకున్నాను. నేను ఏం చేయాలనుకుంటున్నానో దానికి ఒక పేరుందని తెలిసిన సంతోషం అది.

ఎండాకాలం సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు నా స్నేహితురాలు బజారులో ఎదురైంది. చంకలో పిల్లవాడు. అప్పటికే పెళ్లయి అదే వాడలో రెండిళ్ల అవతల ఉంటోంది. చెయ్యి పట్టుకుని దుకాణంలోకి లాక్కొచ్చాను. సోడా తాగుతూ అడిగింది.

"ఏం సదువుతున్నవే?"

"గల్లీల గురించి."

"గల్లీల గురించి సదువుడేందే!" పకపకా నవ్వింది. నవ్వుకు పిల్లవాడు ఉలిక్కిపడ్డాడు. మిల్లు గోడ బొమ్మ గీశానని, నువ్వు భయంతో బడి మానేసిన సంగతి మా సారుకు చెప్పానని అన్నాను. నవ్వు ఆపింది.

"నాకేం భయం లేకుండె. ఆ గోడ మీద బొగ్గుతోని లెక్కలు రాసుకుంట వస్తుంటి. భయం మా నాయినకుండె. నేను ఇల్లు చేరేదాక మగ్గం మీద చెయ్యి ఆడకపోయేదట."

ఆ మాట నేను చాలాకాలం మోశాను. దారి నడిచేవాళ్లకు బాగుంటే చాలదు. ఇంటి దగ్గర కూర్చుని ఎదురుచూసేవాళ్ల మనసులో కూడా అది బాగుండాలి. ఏ పుస్తకంలోనూ నాకు ఆ సంగతి ఇంత సూటిగా కనపడలేదు.

చదువయ్యాక సారు దగ్గరే కొన్నేళ్లు పని చేశాను. హైదరాబాదు పాత వాడల్లో టేపు పట్టుకుని గల్లీలు కొలవడం, ఎవరెక్కడ కూర్చుంటున్నారో, నీళ్ల పంపు దగ్గర ఎంతసేపు నిలబడుతున్నారో గీసుకోవడం. చెమటలు కారేవి, కుక్కలు వెంటపడేవి. నాకు బాగుండేది. ఆ తర్వాత సారు ఉత్తరాదిన ఒక కాలేజీలో చేరడానికి వెళ్తూ ఆఫీసు మూసేశారు. తోటివాళ్లు అపార్ట్‌మెంట్లు కట్టే కంపెనీల్లో చేరారు. నన్నూ రమ్మన్నారు. నేను సిద్దిపేట బస్సెక్కాను.

బాపు దుకాణం పైన ఒక గది ఉండేది. కిరాయి గుండిగలన్నీ అందులో బోర్లించి ఉంటాయి. "ఆ గది నాకు కావాలె బాపూ" అన్నాను.

"నీకెందుకు?"

"ఆఫీసు పెట్టుకుంట."

బాపు అమ్మ వైపు చూశాడు. అమ్మ వడ్డించడం ఆపి, "హైదరాబాదుల ఉంటే నువ్వేం పని చేస్తున్నవో ఎవ్వలు అడుగరు. గీడ దినాం అడుగుతరు. నేనేం చెప్పాలె?" అంది.

"ఊరి నక్ష గీస్తదని చెప్పు."

"ఊరు ఎప్పుడో కట్టిన్రు గదా. గిప్పుడు నక్షేంది?" అన్నాడు బాపు. అన్నాడే కాని మర్నాడు పొద్దున్నే గుండిగలు కిందికి దింపించడం మొదలుపెట్టాడు.

పాత తలుపు రెక్క ఒకటి రెండు స్టాండ్ల మీద పెడితే బల్ల అయింది. వీధి వైపు కిటికీ. గోడ మీద నేను నడిచి నడిచి గీసుకున్న సిద్దిపేట పటం. మెట్ల దగ్గర బోర్డు రాయించాను: అర్బన్ డిజైన్ స్టూడియో. మొదటి రోజే గిరాకీ వచ్చింది. రాయపోల్ నుంచి ఒక జంట, చేతిలో పసిబిడ్డ. బిడ్డకు కొత్త గౌను, బుగ్గన దిష్టి చుక్క. ఆ భర్త గది అంతా చూసి, "పరదా లేదా మేడం? యెనుకకు తాజ్‌మహల్ పరదా ఉంటది గదా" అన్నాడు. ఫొటో స్టూడియో అనుకున్నారని అప్పుడు అర్థమైంది. కిటికీలోంచి ఎదురుగా ఉన్న అసలు ఫొటో స్టూడియో చూపించి పంపాను. కాసేపటికి ఆ ఫొటోగ్రాఫరే గబగబా మెట్లెక్కి వచ్చాడు.

"గిదేంది చెల్లే, మీ బాపు నేను ఇంత దోస్తులం. నా ఎదురుంగనే స్టూడియో పెడ్తివి?"

బల్ల, గీతలు గీసే టీ-స్క్వేరు, పటం చూపించాక ఆయన ముఖం తేటపడింది. ఆ తర్వాత ఇల్లు కట్టుకోవాలనుకునే వాళ్లెవరొచ్చినా మా మెట్లే చూపించేవాడు. నాకు మొదట వచ్చిన పనులన్నీ అవే. ఈశాన్యం మూల బావి, ఆగ్నేయం మూల వంటగది, మెట్లు ఎటు తిరగాలన్న పేచీ. చేసేదాన్ని. సాయంత్రం బాపు కింద నుంచే కేకేసి, "గల్లీ పని ఏమన్న వచ్చిందా?" అని అడిగేవాడు. ఎగతాళికి కాదు, నిజంగానే కనుక్కునేవాడు.

గల్లీ పని కూడా ఫొటోల కోసం వచ్చిన వాళ్లతోనే వచ్చింది. పరీక్షల హాల్ టికెట్లకు ఫొటోలు కావాలని ఆడపిల్లల బడి హెడ్‌మిస్ట్రెస్ పదో తరగతి పిల్లల్ని వెంటబెట్టుకుని పొరపాటున మా మెట్లెక్కారు. నేను చదివే రోజుల్లో లేరు, తర్వాత బదిలీ మీద వచ్చిన ఆవిడ. తప్పు తెలుసుకుని వెనక్కి తిరిగేలోపే పిల్లలు గోడ మీది పటాన్ని చుట్టుముట్టారు. "గిది మా ఇల్లు", "గిది మా మామోళ్ల కిరాణం" అని వేళ్లు పెడుతున్నారు. ఎర్ర రిబ్బన్ల పిల్ల ఒకతి తన ఇల్లు వెతికి, అక్కడి నుంచి బడిదాకా వేలితో గీసుకుంటూ పోయింది. మిల్లు దగ్గరకొచ్చేసరికి వేలు పక్కకు మళ్లి, మెయిన్ రోడ్డెక్కి, లారీల మధ్య నుంచి చుట్టూ తిరిగి బడికి చేరింది.

"గంత దూరం ఎందుకే? గీ గల్లీల నుంచి నేరుగ పోవచ్చు గదా" అన్నారు హెడ్‌మిస్ట్రెస్.

"గోడ పొంటి పోతే మా అవ్వ తిడ్తది మేడం."

"మా అవ్వ గూడ" అంది ఇంకో పిల్ల.

అన్నేళ్లలో ఊళ్లో ఎన్ని మారలేదు! టీవీలు వచ్చాయి, ఎస్టీడీ బూతులు వచ్చాయి, బజారులో సగం పెంకుటిళ్లు స్లాబులయ్యాయి. ఆ గోడ మాత్రం ఉన్న చోటే ఉంది. పిల్లల్ని ఫొటోలకు పంపేసి హెడ్‌మిస్ట్రెస్ నా దగ్గర కూర్చున్నారు. "పోయినేడు గా వాడ నుంచి వచ్చే పిల్లలల్ల సగం మంది తొమ్మిదిలనే మానేసిన్రు. పేదరికమని రాసుకుంటిమి" అన్నారు. ఇద్దరం లేచి పటం ముందు నిలబడ్డాం.

మిల్లు అప్పటికే మూతపడింది. దాని యజమాని మా బాపు కన్నా పెద్దవాడు, బాపు ఆయన్ని అన్నా అనేవాడు, నేను పెద్దబాపు అనేదాన్ని. పక్క ఊళ్లో భూములు, పట్నంలో వ్యాపారాలు ఉన్న మనిషి. మనవరాలి పెళ్లికి గిన్నెలు కొనడానికి దుకాణానికి వచ్చినప్పుడు మిల్లు జాగాలో షాపింగ్ కాంప్లెక్సు కడతానని చెప్పాడట. "మా బిడ్డ పైననే ఉన్నది గదా అన్నా, నక్ష గీపిచ్చుకో" అన్నాడట బాపు.

ఆయనకు కావలసింది ఆయనకు స్పష్టంగా తెలుసు. మడిగెలన్నీ, అంటే దుకాణాల గదులన్నీ, మెయిన్ రోడ్డు వైపు ఉండాలి. వెనక గల్లీ వైపు గోడ ఇంకా ఎత్తు లేపి, పైన గాజు పెంకులు నాటాలి. నేను గీసి చూపించిన నక్షలో మెయిన్ రోడ్డు మడిగెలతో పాటు గల్లీ వైపు కూడా గోడ తీసేసి ఒక వరస మడిగెలు, వాటి ముందు కూర్చునేందుకు వీలుగా పొడుగాటి అరుగు, నీడకు ముందుకు వచ్చిన కప్పు, దీపాలు ఉన్నాయి. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు.

"గా గల్లీల ఎవడు పెడ్తడు బిడ్డా దుకాణం?"

"బడికి పోయే పిల్లలు ఉన్నరు పెద్దబాపూ. గోడకు భయపడి చుట్టు తిరిగి పోతున్నరు."

"గది సర్కారు చూసుకోవాలె. నేనేం జేస్త?"

ఎన్ని మాటలు చెప్పినా లాభం లేదనిపించింది. "ఒక్కరోజు బడి వదిలే యాళ్లకు వస్తవా? ఊరికె కూసుందాం" అన్నాను. వస్తాడనుకోలేదు, వచ్చాడు. గల్లీ మొదట్లో టీ బండి దగ్గర కుర్చీలు వేయించాను. గంట కొట్టారు. నీలం లంగాల గుంపు బడి గేటులోంచి బయటపడి మూలదాకా వచ్చింది. అక్కడ చాలామంది మెయిన్ రోడ్డు వైపు మళ్లారు. కొందరు మాత్రం ఒక్క క్షణం ఆగి, గల్లీలోకి తొంగి చూసి, సంచులు గుండెలకు అదుముకుని గోడ పక్కన పరుగెత్తడం మొదలుపెట్టారు.

"ఎందుకు ఉరుకుతున్నరు?" అన్నాడాయన.

"నువ్వే అడుగు."

వెనకబడ్డ ఒక పిల్లను పిలిచాడు. "బిడ్డా, ఎందుకు ఉరుకుతున్నవ్?"

ఆ పిల్ల ఆగి, ఆయన తెల్ల ధోతినీ నన్నూ మార్చి మార్చి చూసి, "ఏం లేదు తాతా" అని మళ్లీ పరుగందుకుంది.

ఆయన టీ చల్లారిపోయింది. ఇప్పుడేదో మంచి మాట అంటాడని చూస్తున్నాను. ఆయన మూలన మళ్లిన గుంపు వైపు చూస్తూ, "గింతమందికి నోటుబుక్కులు, పెన్నులు కావాలె గదా. యాడ కొంటున్నరు?" అన్నాడు.

"బజార్ల."

"ఊఁ." కండువా దులుపుకుని లేచాడు. "మూడు మడిగెలు. గంతే. నడువకపోతే గోడ మళ్ల లేపుత."

గోడ పగలగొట్టిన రోజు వాడంతా వచ్చి నిలబడింది. గోడకు ఆనుకుని బతుకుతున్నా లోపల ఏముందో చాలామంది ఎన్నడూ చూడలేదు. దూది అంటుకున్న సాలెగూళ్లు, తుప్పు పట్టిన ఇనుప చక్రం, ఒక మూల కుళ్లిన పత్తిగింజల కుప్ప. ఒక ముసలామె ముందుకొచ్చి తొంగి చూసి, "గింతేనా?" అంది. అందరూ నవ్వారు. మునిసిపాలిటీ చుట్టూ హెడ్‌మిస్ట్రెస్, నేను చాలా తిరిగాక ఒక దీపపు స్తంభం వచ్చింది. మేం అడిగిన చోట కాక ఇంకొంచెం అవతల పాతారు. అయినా వెలుగు వెలుగే.

మడిగెలు తయారయ్యాయి. ఎవరూ కిరాయికి రాలేదు. వానాకాలం వచ్చింది, పోయింది. షట్టర్లు దించే ఉన్నాయి. నీడలో కూర్చోవడానికని కట్టించిన అరుగు మీద పనిలేని కుర్రాళ్లు పేకాడుతూ, సిగరెట్లు తాగుతూ కూర్చునేవాళ్లు. పిల్లలు మళ్లీ మెయిన్ రోడ్డే పట్టారు. అంతకుముందు పరుగెత్తి పోయేవాళ్లు కూడా మానేశారు. హెడ్‌మిస్ట్రెస్ కోపంగా మెట్లెక్కి వచ్చారు.

"ముందు ఉత్త గోడ ఉండె. గిప్పుడు గోడకు పోరగాండ్లు మొలిచిన్రు. గిదేనా మనం చేసింది?"

ఆవిడ వెళ్లాక పటం ముందు కూర్చున్నాను. నక్షలో ఆ అరుగు మీద నేను మనుషుల బొమ్మలు గీశాను. బుట్ట దించుకున్న ఆమె, పుస్తకం చదివే పిల్ల, మనవణ్ని ఎత్తుకున్న తాత. కాగితం మీద మనుషుల్ని మనకు నచ్చిన చోట కూర్చోబెట్టొచ్చు. మూడు రోజులు నాకు అన్నం సయించలేదు. బాపు అడిగితే జరిగింది చెప్పాను. తిడతాడనుకున్నాను.

"మడిగె తెరిచి ఒక మనిషి కూసుంటేనే గదా బిడ్డా అది దుకాణమయ్యేది" అన్నాడు. దుకాణదారు మాట. ఆయన అలవాటుగా అన్నాడు, నాకు మాత్రం వెలిగింది. మర్నాడు మిల్లు పెద్దబాపు దగ్గరికి పోయి, నడిమి మడిగె నాకే కావాలన్నాను.

"నీకు మెయిన్ బజార్ల పైన రూము ఉండంగ గీడికెందుకు?" ఆయన నమ్మలేదు.

"నక్ష నాది గదా. నేనే కూసుంట."

బాపుకు కొంచెం బాధగానే ఉండింది. మెట్ల మీద నా చెప్పుల చప్పుడు వినడం ఆయనకు అలవాటైపోయింది. అయినా బల్ల మోయించడానికి తనే మనుషుల్ని పిలిచాడు. నేను షట్టరు పూర్తిగా ఎత్తి, బల్ల గల్లీ వైపు తిప్పి వేసుకుని కూర్చున్నాను. మొదటి రోజు కుర్రాళ్లు నన్నూ నా గీతల్నీ వింతగా చూశారు. "ఏం గీస్తున్నవ్ అక్కా?" అన్నాడొకడు. "గీ గల్లీనే. జర జరుగు, నువ్వు అడ్డమున్నవు, మోరీ కాలువ కనబడ్తలేదు" అన్నాను. వాడు సిగ్గుపడి జరిగాడు. కొన్నాళ్లకు పేకాట వాళ్లంతట వాళ్లే ఇంకెక్కడికో మార్చుకున్నారు. అక్కగారు రోజంతా చూస్తుంటే సిగరెట్టు రుచించదు కదా.

పిల్లలు వెంటనే రాలేదు. ముందు వాళ్ల తల్లులు వచ్చారు. బీడీల చాట చంకన పెట్టుకుని ఒకామె షట్టరు ముందు నిలబడింది.

"గీడ నువ్వే ఉంటవా?"

"నేనే ఉంట."

"ఎంతసేపు?"

"దీపాలు పెట్టేదాక ఉంట అక్కా."

ఆమె గదినంతా ఒకసారి చూసింది. నా మంచినీళ్ల కుండ, మూలనున్న స్టూలు, గోడ మీది పటం. "సరె" అని వెళ్లిపోయింది. మర్నాడు ఎర్ర రిబ్బన్ల పిల్ల చెల్లెలు నడుచుకుంటూ వచ్చింది. నడుచుకుంటూనే, పరుగెత్తకుండా. నేను తలెత్తి చూడకుండా గీత గీస్తున్నట్టు నటించాను. గీత వంకర పోయింది.

ఆ ఏడు చివరికల్లా నా కుడి పక్క మడిగెలోకి బట్టలు కుట్టే ఆమె వచ్చింది. మిషను బయట అరుగు మీదే వేసుకుని కుట్టేది. దారిన పోయే ప్రతి పిల్లనూ పేరుపెట్టి పిలిచి, జాకెట్టు ఎక్కడ చినిగిందో చూసేది. ఎడమ పక్క నోటుబుక్కుల షాపు, దానిలోనే జిరాక్సు మిషను. మిల్లు పెద్దబాపు ఆ షాపు ముందు నిలబడి, పెన్నులకు మూగిన పిల్లల్ని చూసి, తను మొదటే చెప్పాను కదా అన్నట్టు నా వైపు చూశాడు. నేను ఒప్పుకున్నాను. ఆ గల్లీ బాగుపడటంలో ఆయన లెక్క, మా బాపు దుకాణదారుతనం, హెడ్‌మిస్ట్రెస్ కోపం, నా నక్ష అన్నీ కలిసి ఉన్నాయి. ఏది ఎంతో విడదీసి చెప్పలేను.

స్టూడియో అక్కడే నిలబడింది. హైదరాబాదు కాలేజీ నుంచి ఒకమ్మాయి వచ్చి నాతో పనిలో చేరింది. ధూళిమిట్ట నుంచి కొందరు వచ్చి బస్సులాగే చోట ఆడవాళ్లు కూర్చోవడానికి నీడ ఎట్లా పెట్టాలో చూడమన్నారు. వాస్తు ఇండ్లు కూడా గీస్తూనే ఉన్నాం, బతకాలి కదా. ఒక సాయంత్రం కళ్లు మంటలెక్కి బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. ముగ్గురు పిల్లలు జామకాయలు కొరుక్కుంటూ వచ్చి నా ముందు నిలబడ్డారు.

"అక్కా, జర జరుగవా? మేం దినాం గీడ్నే కూసుంటం."

జరిగాను. ఆ అరుగు ఎవరు గీశారో వాళ్లకు తెలియదు, అడగలేదు. కారం నంజుకుంటూ లెక్కల టీచరును తిట్టుకుంటున్నారు. నేను ఆ మాటలు వింటూ చాలాసేపు కూర్చున్నాను. అంత హాయి నాకు డిగ్రీ తీసుకున్న రోజున కూడా కలగలేదు.

తొంభైల చివర్లో మిల్లు పెద్దబాపు చేతికర్ర ఊపుకుంటూ వచ్చి, మిగిలిన గోడ ముక్క వైపు చూపించాడు.

"గది గూడ తీసేద్దాం బిడ్డా. మడిగెలు అడుగుతున్నరు."

"గా ముక్క ఉంచుదాం పెద్దబాపూ."

"నువ్వేనా గిట్ల అంటున్నది? గోడ తియ్యమని నా పానం తింటివి గదా!"

"పోరగాండ్లు దాని మీద వికెట్లు గీసుకున్నరు. రోజూ ఆడుతున్నరు."

ఆయన దగ్గరికి పోయి చూశాడు. బొగ్గుతో మూడు గీతలు, పక్కన ఎవరెన్ని కొట్టారో అంకెలు. "బంతి బుక్కుల షాపు అద్దాలకు తగుల్తది గదా?" అన్నాడు.

"తగుల్తది."

"మరెట్ల?"

"అద్దాలు జర లోపలికి జరుపుదాం" అన్నాను. ఇద్దరం లోపలికి వచ్చి బల్ల మీద కొత్త కాగితం పరిచాం.